గృహసంస్కారమున సీసపుధూళి

గడచిన వేసవిలో న్యూజెర్సీ రాష్ట్రమందలి జెర్సీ సిటీలో మా తమ్ముని కూతురు క్రొత్తగా కొన్న పాతయింట ఒక నెల యుంటిని. ఆ యిల్లు రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము కట్టినది. దాని కిటికీలు మన యిండ్లలోని ఱెక్కల కిటికీలు కావు. ఒకదాని వెనుక నొకటి మీదికిని క్రిందికిని జాఱు రెండు చట్రములు గలవి. క్రిందిచట్రమును పైకెత్తినచో కిటికీ వెడల్పంతయు సాగిన చిన్నకాలువ వంటి పల్లమొకటి కనబడును. చచ్చిన యీగలు, సాలెగూటి పీచులు, పెచ్చులు లేచిన తెల్లరంగు, ఆ తెలుపు క్రింద లేతాకుపచ్చ, దాని క్రింద మఱల తెలుపు, ఇన్నిటి నడుమ విభూతివలె మెత్తనైన బూడిదవన్నె పొడి యందు పేరుకొనియుండెను. ఊరక వేలు పెట్టి రాచి చూచితిని. "పెదనాన్నా, అది ముట్టుకోకండి! వెంటనే చెయ్యి కడుక్కోండి, సబ్బు పెట్టి" అనుచు ఆ పిల్ల వంటయింటినుండి పరుగున వచ్చినది. ఆమె చంకలో పది నెలల పసివాడు.

ఆ రంగులో సీసమున్నదని అంతకు ముందే పరీక్షలో తేలినది. కిటికీలు మార్పింప నిశ్చయించుకొని, పని ముగిసిన పిదప మిగులు పొడిని తీయుటకు ఇంటనున్న వాక్యూమ్ క్లీనరు చాలునా, వేఱొకటి కొనవలెనా, అద్దెకు తేవలెనా యను సందేహములో వారుండిరి. చూచుటకు మిక్కిలి చిన్నదైన ఈ ప్రశ్నను పట్టుకొని నేను చదువ నారంభించితిని. చదివినకొలది దాని వెనుక నూఱేండ్లకు మించిన వైద్యచరిత్రయు, యుద్ధకాలపు పరమాణుపరిశోధనల ఫలితమును, ఒకదానితో నొకటి పొసగని ప్రయోగములును, ఒక ప్రభుత్వశాసనమును నిలిచియున్నవని తెలియవచ్చినది. ఆ తెలిసినదంతయు, నాకు తోచిన తారతమ్యముతో, ఇట విన్నవించుచున్నాను.

రంగులలో సీసము కలుపుట ప్రాచీనమైన అలవాటు. రంగుపనివారు సఫేదా యని పిలుచు తెల్లపొడి చాలకాలము సీసపు కార్బనేటే. ఇనుప ఊచలకు త్రుప్పు పట్టకుండ మొదటిపూతగా వేయు ఎఱ్ఱసీసమునే మన నిఘంటువులు సిందూరమన్నవి. పసుపుపచ్చని ఎనామిలు రంగులకు సీసపు క్రోమేటు వన్నె నిచ్చెడిది. సీసము కలిసిన నూనెరంగు త్వరగా ఆఱును, కొయ్యను గట్టిగా పట్టుకొనును, ఎండవానల కోర్చును, క్రింది మరకలను చక్కగా కప్పివేయును. ఇంతటి గుణవంతమైన వస్తువు కావుననే, అది విషమని తెలిసిన పిదప గూడ, దానిని విడనాడుటకు లోకమునకు చిరకాలము పట్టినది.

తెలిసినది ఎన్నడో. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు రాజధాని బ్రిస్బేనునందు 1892లో జెఫరిస్ టర్నర్ అను వైద్యుడు పిల్లలలో సీసవిషపు లక్షణములను గుర్తించి ప్రకటించెను. ఆ విష మెక్కడనుండి వచ్చుచున్నదో అప్పటికి అంతుబట్టలేదు. నీటిగొట్టములను, పాత్రలను, ఆటవస్తువులను శంకించి, తుదకు 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అను నేత్రవైద్యుడు దానిని పిల్లలాడుకొను వరండా కటకటాలమీద పట్టుకొనెను. అక్కడి కొయ్యయిండ్లకు విశాలమైన వరండాలు, వాని చుట్టు తెల్లరంగు వేసిన కటకటాలు. తీవ్రమైన ఎండకు ఆ రంగు సుద్దవలె పొడియై, తడిచేతులతో పట్టుకొన్న పిల్లల వ్రేళ్ళ కంటుచు, గోళ్ళు కొఱుకు అలవాటుగల వారి నోళ్ళలోనికి పోవుచుండెను. ధూళి, చేయి, నోరు: ఈ మూటి సంబంధమును అంత స్పష్టముగా కనుగొన్న ఆ వైద్యుని మాట చాలమంది విశ్వసింపలేదు. క్వీన్స్‌లాండులో శాసనము వచ్చుటకు 1922 వఱకు ఆగవలసివచ్చెను. అంతకు ముందేడు, 1921లో, అంతర్జాతీయ కార్మికసంస్థ భవనముల లోపలిభాగములకు తెల్లసీసము వాడరాదను ఒడంబడిక నొకదానిని ప్రతిపాదించెను. అమెరికా సంయుక్తరాష్ట్రములందు ఇండ్లకు వేయు రంగులలో సీసమును దేశమంతట నిషేధించినది 1978లో. నడుమ గడచినవి ఏబదియేడు సంవత్సరములు. ఆ సంవత్సరములలో పూసిన పూతలే నేడు జెర్సీ సిటీ కిటికీలలో పొడియై రాలుచున్నవి.

సీసమువలన శరీరమునకు ప్రయోజన మిసుమంతయు లేదు. అది కాల్షియమువలె నటించి ఎముకలలోనికి చొరబడి దశాబ్దములు నిలిచియుండును, రక్తహీనతను కలిగించును, పెరుగుచున్న మెదడునకు కీడు చేయును. పెద్దవారు మ్రింగిన సీసములో పదవవంతో అంతకు కొంచె మెక్కువయో రక్తములో చేరగా, పసిపిల్లలలో సగమునకు దగ్గఱగా చేరును. ఇనుము, కాల్షియము చాలని ఆహారము తిను పిల్లలలో ఇంకను హెచ్చు. హెర్బర్ట్ నీడిల్‌మన్ అను పరిశోధకుడు 1979లో బోస్టను పరిసరములందలి బడిపిల్లల ఊడిన పాలపండ్లను సేకరించి, వానిలోని సీసము హెచ్చినకొలది ఆ పిల్లల బుద్ధిపరీక్షల ఫలితములు తగ్గుచున్నవని, తరగతిలో వారి అవధానము చెదరుచున్నదని చూపెను. ఆ పిల్లలు రోగులు గారు, మంచమెక్కినవారు గారు, చూచుటకు ఆరోగ్యవంతులే. అదియే ఈ విషయమున మిక్కిలి బాధాకరమైన సంగతి. అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రము ఆందోళన పడదగిన మేరగా 1960లలో డెసిలీటరు రక్తమునకు 60 మైక్రోగ్రాములని చెప్పిన అంకె క్రమముగా దిగుచు, 1991లో 10కి, 2012లో 5కు, 2021లో 3.5కు వచ్చినది. ఇంత వఱకు ఉండవచ్చునని ధైర్యముగా చెప్పదగిన మేర ఏదియు లేదని నేడు వైద్యులందఱు నంగీకరించుచున్నారు.

ఇపుడు ధూళి లెక్క చూడవలెను. ఇది తెలియనిచో మిగిలినదంతయు అతిజాగ్రత్తగా తోచును. ఒక చదరపు సెంటీమీటరు పూతలో ఒక మిల్లీగ్రాము సీస మున్నచో దానిని సీసపురంగుగా అమెరికా శాసనము పరిగణించును. అట్టి రంగు ఒక చదరపుటడుగు మేర, అనగా విప్పిన దినపత్రికలో చిన్నభాగమంత, గీకి పొడిచేసినారనుకొందము. అందులోని సీసము 929 మిల్లీగ్రాములు. ఆ పొడి పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల గదిలో సమముగా పఱచుకొన్నచో ఒక్కొక్క చదరపుటడుగు నేలకు సుమారు 9,290 మైక్రోగ్రాములు వచ్చును. పని ముగిసిన గదిలో నేలమీద మిగులదగిన సీసమును ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ 2001లో చదరపుటడుగునకు 40 మైక్రోగ్రాములుగా నిర్ణయించెను. తరువాత దానిని 10కి దింపెను. 2024లో 5కు దింపెను. కిటికీ గడపకు 40, నేను వేలు పెట్టిన ఆ పల్లమునకు 100. తొమ్మిదివేల పైచిలుకు నుండి అయిదునకు దిగవలెననగా పొడిలో సుమారు రెండువేల వంతులలో ఒక్క వంతుకు మించి మిగులరాదన్నమాట. కంటికి శుభ్రముగా కనబడు నేలకును ఈ శుభ్రతకును నడుమ ఎంత దూరమున్నదో ఇందువలన గ్రహింపవచ్చును.

ఈ ధూళి పుట్టు మార్గములలో మొదటిది రాపిడి. కిటికీ తెఱచి మూసినపుడెల్ల, తలుపు గుమ్మమున కొరసికొన్నపుడెల్ల, ఎవ్వరును పని చేయకున్నను పూత నలిగి పొడియగుచుండును. గృహసంస్కారమున పుట్టునది దీనికంటె ఎన్నో రెట్లు. పాతరంగును పొడిగా గీకుట, ఉప్పుకాగితముతో రుద్దుట, తిరుగుడు యంత్రముతో అరగదీయుట, మంటతో కాల్చి ఊడదీయుట: ఈ వరుసలో ఒకదానికంటె నొకటి ప్రమాదకరము. యంత్రపురాపిడి పుట్టించు ధూళి అత్యంత సూక్ష్మమై గంటలకొలది గాలిలో తేలును. మంట యనిన అంతకు మించినది. సీసము 327 డిగ్రీల సెల్సియస్ వేడికే కరగును, వేడి మఱింత హెచ్చినచో ఆవిరియై, పనివాని ఊపిరితిత్తులలోనికి సూటిగా పోవును. కావుననే అమెరికా నియమములు మంటను పూర్తిగా నిషేధించి, వేడిగాలి పరికరమును 1,100 డిగ్రీల ఫారెన్‌హీటునకు లోబడి వాడుమన్నవి. ధూళిని పుట్టినచోటనే లాగికొను గొట్టము అమరింపని రాపిడియంత్రమును వాడరాదన్నవి. నాకు ఈ విషయమునంతటను ముఖ్యముగా తోచిన మాట ఇదియే: వాక్యూము యంత్రము ఎంత గొప్పదైనను అది పుట్టిన ధూళిని పట్టునదే గాని పుట్టకుండ ఆపునది కాదు. రంగును ముందుగా తడిపి గీకిన మేస్త్రీ, తరువాత తెచ్చు ఏ యంత్రముకంటెను ఎక్కువ మేలు చేసినవాడగును.

పుట్టినదానిని తీయు సాధనములలో చీపురు అన్నిటికంటె హీనమైనది. పొడినేలను ఊడ్చునపుడు పెద్దపెచ్చులు చేటలోనికి వచ్చును, మెత్తనిపొడి గాలిలోనికి లేచును. సాయంకాలమునకు అది మఱల నేలమీదను, మంచముమీదను, ఉగ్గుగిన్నెలోను దిగును. సామాన్యపు వాక్యూమ్ క్లీనరు కూడ ఇట్టి దోషమునుండి తప్పించుకొనజాలదు. అది గాలిని ఒకవైపు పీల్చి మఱొకవైపు విడుచు యంత్రము. నడుమ నున్న సంచి ఎంతటి రేణువును ఆపగలదో అంత వఱకే దాని ఉపకారము. తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. సంచి ఆపలేక విడుచు రేణువులు ఒకటి రెండు మైక్రానులవి, అంతకంటె చిన్నవి. నేలమీద నిలుకడగా నున్న విషమును ఆ యంత్రము పీల్చి, నలగగొట్టి, వెనుకనుండి వేడిగాలితో గదియంత నెత్తున చల్లును. మా వారు మొదట పిలిచిన గుత్తేదారు పనివారు అట్టి యంత్రమునే తెచ్చిరి; దానిని నడిపినంతసేపును కిటికీలోనుండి పడిన ఎండచారలో పొగవలె తిరుగుచున్న ధూళిని నేను కన్నులార చూచితిని. ఆ పూటకు పని ఆపించివేసితిమి.

హెపా వడపోత యని నేడు ప్రకటనలలో వినబడు సాధనము పుట్టినది ఇంటి శుభ్రత కొఱకు గాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికావారు పరమాణుబాంబు నిర్మింప పూనినపుడు, ఆ కర్మాగారముల గాలిలో తేలు రేడియోధార్మిక రేణువులు బయటికి పోకుండ ఆపుటకై దీనిని రూపొందించిరి. సన్నని పీచులు చిక్కుగా అల్లిన కాగితమువంటి పొరను విసనకఱ్ఱవలె మడతలుమడతలుగా పేర్చుట దాని నిర్మాణము. దానిని జల్లెడవలె భావించుట పొరపాటు. పెద్దరేణువులు గాలితోపాటు వంపు తిరుగజాలక పీచులకు కొట్టుకొని అంటుకొనును. మిక్కిలి చిన్నవి గాలి యణువుల తాకిడికి అటునిటు తడబడుచు పీచులను తగిలి చిక్కుకొనును. ఈ రెంటికిని నడుమ, 0.3 మైక్రాను పరిమాణముగల రేణువులే పట్టుటకు మిక్కిలి కష్టమైనవి. ఆ కష్టమైన పరిమాణమునందే పదివేల రేణువులలో 9,997టిని ఆపినపుడు గాని దానికి హెపా యను పేరు చెల్లదు. అంతకంటె పెద్దవానిని, అంతకంటె చిన్నవానిని గూడ అది ఇంకను బాగుగనే ఆపును.

అయితే వడపోత మంచిదైనంత మాత్రమున యంత్రము మంచిది కాజాలదు. కుండకు చిల్లియున్నచో మూత ఎంత బిగువుగా నున్నను ఏమి లాభము? పీల్చిన గాలి యంతయు తుదకు ఆ వడపోతగుండనే పోవలెను, అతుకులలోనుండి గాని మూత అంచులనుండి గాని తప్పించుకొని పోరాదు. అట్లు నిర్మింపబడినదానినే హెపా వాక్యూమని అమెరికా నియమము నిర్వచించుచున్నది. అంగడిలో కొన్న మామూలు యంత్రమున హెపా వడపోతను తరువాత తెచ్చి బిగించినంతనే అది అట్టిది కాదు. "హెపా తరహా", "హెపావంటి" అను మాటలు అట్టపెట్టెమీద కనబడినచో ఆ పెట్టెను అక్కడనే విడిచి రావలెను. ఐరోపాలోను ఆస్ట్రేలియాలోను ధూళిని లాగు యంత్రములను ఎల్, ఎం, హెచ్ అను తరగతులుగా విభజించిరి; ఎల్ తరగతి నూటికి ఒకపాలు వఱకు ధూళిని జాఱవిడువవచ్చును, ఎం తరగతి వేయింటి కొకపాలు, హెచ్ తరగతి లక్షకు అయిదుపాళ్ళు మాత్రమే. సీసమునకు తగినది ఈ కడపటిదే.

ఇంత చెప్పిన పిదప, ఈ యంత్రమునకు ప్రతికూలముగా కనబడు ఒక ప్రయోగమును దాచుట న్యాయము కాదు. ఉత్తర న్యూజెర్సీ పట్టణములలోని పాతయిండ్లను తీసికొని పరిశోధకులు హెపా వాక్యూమును సామాన్యపు వాక్యూముతోను, సీసమును ప్రత్యేకముగా విడదీయునని పేరుపొందిన ట్రైసోడియం ఫాస్ఫేటును మామూలు సబ్బుద్రావణముతోను పోల్చి, 2002లో ఫలితములు ప్రకటించిరి. గట్టినేలలమీద సామాన్యపు యంత్రమే కొంచెము మెఱుగుగా పనిచేసినది. కిటికీ గడపలమీదను పల్లములలోను హెపా మెఱుగు. సబ్బు విషయమున చెప్పదగిన భేదము నేలలమీద కనబడలేదు, పల్లములలో మామూలుసబ్బే ముందు నిలిచినది. ఈ ఫలితమును చూపి, ఖరీదైన యంత్ర మెందుకని వాదించువారు కలరు. నా మట్టునకు నేను దీని నిట్లు గ్రహించితిని. ఆ ప్రయోగము కొలిచినది తుడిచిన తలములమీద మిగిలిన సీసమును. తుడుచుచున్నపుడు యంత్రము వెనుకనుండి గాలిలోనికి ఎంత పోయినదో, దానిని తుడుచువా డెంత పీల్చెనో ఆ కొలతలో రాదు. పైగా అవి కాపురమున్న యిండ్లలో నిత్యమును పేరుకొను ధూళి; కిటికీ పెకలించిన నాటి ధూళి రాశికి దానితో పోలికలేదు. సబ్బు విషయమున మాత్రము ఆ ప్రయోగము పేదవానికి మేలే చేసినది: ఫాస్ఫేటు పొడికై ఊరంతయు వెదకనక్కఱలేదు, తడిబట్టయు, పలుమాఱు మార్చిన మంచినీరును, చేతి శ్రమయు ముఖ్యము.

తివాచీల సంగతి వేఱు. ఇది నిజముగా చిక్కైన విషయము. సిన్సినాటి పరిశోధకులు 1994లో తెలిపినదేమనగా, సీసపుధూళి దీర్ఘకాలముగా ఇంకిన తివాచీని హెపా వాక్యూముతో ఎంతసేపు పీల్చినను లోతున నున్న ధూళి పైకి వచ్చి, కొన్నిటిపై ముందున్న దానికంటె ఎక్కువ సీసము తేలినది. ఇట్టి పాతతివాచీని శుభ్రపఱచుటకంటె, ప్లాస్టిక్కు పటములో చుట్టి పాఱవేయుటయే చవుకయని వారు తేల్చిరి. పాఱవేయుటకు వీలులేనిచోట త్రిప్పుడు కుంచె అమరిన హెపా యంత్రముతో, రెండు ప్రక్కల, ఓపికతో మాటిమాటికి లాగవలెను. మా తమ్ముని కూతురి యింట పై అంతస్తులో గోడనుండి గోడవఱకు పఱచిన తివాచీ యుండెను. దానిని తొలగింపగా క్రింద చక్కని ఓకుకొయ్య నేల బయటపడినది.

ఇక ధూళి తగ్గినచో పిల్లల రక్తములో సీసము తగ్గునా? అసలు ప్రశ్న ఇదియే గదా. జెర్సీ సిటీలోనే జరిగిన ఒక ప్రయోగము 1999లో ప్రకటింపబడినది. శిక్షణ పొందినవారు ఏడాదిపాటు మాటిమాటికి వచ్చి హెపా వాక్యూముతోను తడిబట్టతోను ఇండ్లు శుభ్రము చేయగా, ఆ పిల్లల రక్తములో సీసము సగటున నూటికి 17 పాళ్ళు తగ్గినది; ఏడాదిలో ఇరువదిసార్లును ఆ పైనను శుభ్రపడిన ఇండ్లలో 34 పాళ్ళు తగ్గినది. ఇది ఆశ గొలుపు ఫలితము. కాని ఇట్టి ప్రయోగముల నన్నిటిని కూర్చి చూచిన కొక్రేన్ అను సంస్థ సమీక్షకులు, తల్లిదండ్రులకు బోధించుటవలన గాని ఇంటిధూళిని అదుపు చేయుటవలన గాని పిల్లల రక్తములో స్పష్టమైన తగ్గుదల కనబడుటలేదని నిష్కర్షించిరి. రెండును నిజములే కావచ్చును. ఒకసారి ఊడ్చిపోయిన ఇంటిలో ఊడుచున్న రంగు అట్లే యున్నంత కాలము ధూళి మఱల మఱల పుట్టుచునే యుండును. ఇరువదిసార్లు తుడిచిన ఇల్లు వేఱు. గృహసంస్కారవేళ తుడుచుట మాత్రము ఈ సందేహముల కతీతము, ఏలయన అపుడు తుడువనిచో మనమే స్వయముగా ఇంటిలోనికి విషమును తెచ్చి పోసినవార మగుదుము.

అమెరికాలో ఈ పనికి ప్రత్యేకశాసన మున్నది. 1992లో చేసిన చట్టము ననుసరించి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2008 ఏప్రిల్ 22న ప్రకటించిన నియమములు, సరిగా రెండేండ్లకు, 2010 ఏప్రిల్ 22న పూర్తిగా అమలులోనికి వచ్చినవి. 1978కి పూర్వము కట్టిన ఇండ్లలోను, పసిపిల్లలుండు బడులలోను కూలికి పనిచేయువాడు శిక్షణ పొంది, ధ్రువపత్రము గలవాడై యుండవలెను. గదికి ఆఱు చదరపుటడుగులకు లోబడిన చిన్నపనులకు మినహాయింపు కలదు, కిటికీ మార్చుట కది వర్తింపదు. పైన చెప్పిన లెక్కను తలచినచో ఈ మినహాయింపు నాకు దడ పుట్టించుచున్నది: ఒక్క చదరపుటడుగే గదినంతటిని పాడుచేయగా, ఆఱింటికి అడుగువా డుండడు. అట్లే తన యింటిలో తానే పనిచేసికొను గృహస్థునకు ఈ నియమములు వర్తింపవు; సెలవుదినములలో స్వయముగా ఇల్లు బాగుచేసికొను అలవాటు మిక్కుటముగా గల ఆ దేశమున, ఇటీవల పాతయిండ్లు కొనుచున్న మన తెలుగు కుటుంబములవారు దీనిని తప్పక తెలిసికొనవలెను.

రెండవమాఱు వచ్చిన పనివారు ధ్రువపత్రము గలవారు. వారి పని నేను గుమ్మమునకు వెలుపల కుర్చీ వేసికొని చూచితిని. గదిలోని సామానంతయు తీసివేసి, తీయరాని దానిని ప్లాస్టిక్కు పటముతో కప్పి, నేలమీద మందపాటి పటమును పనిచోటునుండి ఆఱడుగుల మేర పఱచి అంచులంటించిరి. గాలిగొట్టముల నోళ్ళు మూసిరి. గుమ్మమునకు రెండు పొరల తెర కట్టిరి. చిమ్ముడుసీసాతో రంగును తడిపి, చట్రముల యంచులు కత్తితో కోసి, కిటికీని ముక్కలు చేయకుండ ఏకముగా పెకలించి, పటములో చుట్టి దింపిరి. పిదప పెద్దపెచ్చులు చేతితో ఏఱి, నేలపటమును తడిపి, మురికివైపు లోపలికి వచ్చునట్లు మడిచి కట్టిరి. అంత గోడలను పైనుండి క్రిందికి, ఆ పిదప గడపలను, కడపట నేలను, గది లోపలిమూలనుండి గుమ్మమువైపు వెనుకకు నడుచుచు హెపా యంత్రముతో లాగిరి. కిటికీ పల్లమున సన్నని ముక్కుగల గొట్టమును అంగుళ మంగుళముగా నడిపిన ఆ యువకుని ఓర్పు నాకు పూజ చేయువాని ఏకాగ్రతవలె కనబడినది. అటుపిమ్మట రెండు బాల్చీలు; ఒకదానిలో సబ్బునీరు, ఒకదానిలో జాడించు నీరు. మొదటి నీటిలో ముంచి తుడుచుట, రెండవదానిలో పిండి జాడించుట, ఆ జాడింపునీరు మడ్డియైనపుడెల్ల మరుగుదొడ్డిలో పోసి మార్చుట. తడి ఆఱిన తరువాత మఱల ఒకమాఱు యంత్రము. గొట్టపు మూతిని పని కాగానే టేపుతో మూయుట మఱచిపోలేదు. వడపోతను తట్టి దులుపుట, సంచిని పెరటిలో విదల్చుట మున్నగునవి చేసినచో అంతవఱకు పడిన శ్రమయంతయు ఒక్క క్షణములో వ్యర్థమగును.

శుభ్రమైనదో లేదో తేల్చుటకు ఒక తెల్లని తడిబట్టతో నలువది చదరపుటడుగులకు మించని నేలను తుడిచి, దానిని పర్యావరణ పరిరక్షణ సంస్థవా రిచ్చు రంగు అట్టతో సరిపోల్చుదురు; బట్ట అట్టకంటె నలుపుగా నున్నచో మఱల శుభ్రము చేయవలెను. ఇది సులభము, చవుక. కాని బట్టకంటిన మురికిలో సీస మెంతయో అది చెప్పజాలదు. ఒక గంట ఆగి, ధూళి దిగిన తరువాత, కొలిచిన చతురస్రమును తుడిచిన బట్టను ప్రయోగశాలకు పంపినపుడే నిజమైన అంకె తెలియును. పసిబిడ్డ ప్రాకు ఇల్లు గనుక మా వారు పంపిరి. వచ్చిన అంకెలు గడపమీదను నేలమీదను మేరకు లోబడియున్నవి. ఒక్క పల్లము మాత్రము తప్పినది. దానిని మఱల కడిగిరి.

మన దేశమున సంగతి యేమి? పెట్రోలులో సీసము 2000 సంవత్సరమునందు దేశమంతట తొలగినది. ఇంటిరంగులలో సీసము 90 పి.పి.ఎం.నకు, అనగా పదిలక్షలలో తొంబది పాళ్ళకు, మించరాదని కేంద్రప్రభుత్వము 2016 నవంబరులో నియమములు చేసి మఱుసటేడు అమలు పఱచినది. ఇవి సంతోషింపదగినవి. కాని ఆ నియమములు అమ్మబోవు క్రొత్తరంగును గూర్చినవి. తలుపులమీద ఇదివఱకే యున్న పాతపూతలను గూర్చి అవి పలుకవు. భారతదేశమున డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములకు మించిన సీసము రక్తములో గల పిల్లలు సుమారు 27 కోట్ల 50 లక్షలని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేసినవి. దానికి రంగు ఒక్కటియే కారణము గాదు. పాతబ్యాటరీలు కరగించు కొలుములు, కల్తీ పసుపు, కొన్ని వంటపాత్రలు కూడ నున్నవి. అయినను రంగు మన చేతిలోనిది. ఇందులో మన కొక అదృష్టము కలదు: మన గోడలకు తరతరములుగా వేసినది సున్నము, దానిలో సీసము లేదు. భయపడవలసినవి టేకుతలుపులు, దూలములు, కిటికీ ఊచలు, మెట్ల కటకటాలు, ఊయలబల్లలు, ఎనామిలు పూసిన పాత తొట్టెలు.

రాజమహేంద్రవరమున మా యింటి వీధితలుపులు నా చిన్ననాటినుండి ఆకుపచ్చవే. ప్రతి పెండ్లికిని ఒక పూత చొప్పున ఎన్ని పూతలు వాని మీద నున్నవో చెప్పజాలను. ఇంతకు పూర్వము ఎన్నిమాఱులో మేస్త్రీలు వచ్చి, పొడిగా గీకి, లప్పము పెట్టి, ఉప్పుకాగితముతో నున్నగా రుద్ది, ఆ పచ్చనిపొడిని ఈనెలచీపురుతో ఊడ్చి తులసికోట ప్రక్కన పోసియున్నారు; మేము చూచుచుంటిమి; పిల్లలు అక్కడనే ఆడుకొనిరి. ఈసారి అమెరికానుండి తిరిగివచ్చిన పిదప రంగులు వేయింపవలసివచ్చినపుడు, హెపా యంత్రము మా యూర అద్దెకు దొరకలేదు. ఉన్న వాక్యూమ్ క్లీనరును నేను బయటికి తీయనీయలేదు. పూత గట్టిగా నున్నచోట గీకవద్దని, పెచ్చులు లేచినచోట మాత్రము నీళ్ళు చల్లి గీకుమని, రుద్దవలసిన చోట నీటితో రుద్దు కాగితమునే వాడుమని, నేలమీద టార్పాలిను పఱచి తడిబట్టతోనే తుడువుమని మేస్త్రీని కోరితిని.

"తడిపి గీకితే రోజుకి ఒక్క తలుపే అవుతుంది బాబుగారూ" అని అతడన్నాడు.

"ఒక్కటే కానీ, మేస్త్రీ. రోజుకూలీ నేనిస్తాను" అంటిని.

సాయంకాలము పని ముగిసినపుడు అతని చొక్కా భుజములమీదను మోచేతులమీదను తడిసి ఆఱిన పచ్చనిపొడి చారలు కట్టియుండెను. ఆ చొక్కాతోనే సైకిలెక్కి ఇంటికి పోవుట అతనికి ముప్పదియేండ్ల యలవాటు. పోగానే మనుమరాలు ఎదురువచ్చి ఎత్తుకొమ్మనునని మధ్యాహ్నము అన్నము తినునపుడు చెప్పియుండెను. నూతిగట్టుమీద సబ్బును, ఉతికిన చొక్కా నొకదానిని పెట్టి, కారణము చెప్పితిని. అతడు చాలసేపు తన చేతులవైపు చూచుకొనెను. "చిన్నప్పట్నించీ ఈ పనేనండి" అని మాత్రమనెను. పిదప మోచేతులవఱకు రెండుమాఱులు రుద్ది కడిగికొని, గోళ్ళసందులు పుల్లతో తీసికొని, పాతచొక్కాను విడిగా ప్లాస్టిక్కు సంచిలో కట్టి, ఉతికినది తొడిగికొని సైకిలెక్కెను.